గేటు బయట పొగ మనది కాదు

ఇన్నాళ్లూ నేను ఏమీ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు అక్షరాలు వచ్చేవి కావు, అంతే. యాభై రెండేళ్ల వయసులో వచ్చాయి. వచ్చాక కూడా మూడేళ్లు రాయలేదు. దానికి కారణం వేరు. పొద్దున ఆరింటికి ఇస్త్రీ పెట్టె పట్టుకుంటే మళ్లీ దించేసరికి దీపాలు పెట్టే వేళ అయ్యేది. ఆ చేత్తో పెన్ను పట్టుకుంటే అది బరువు లేక కాగితం మీద ఎటో పోయేది. ఇప్పుడు తీరిక దొరికింది. పొద్దున పది దాకా నాకు పని లేదు, సాయంత్రం నాలుగు దాటాక అసలే లేదు. ఆ వేళల్లో మా అపార్టుమెంటుకు వచ్చే కరెంటు మురికిదట. శుభ్రమైన కరెంటు పది నుంచి నాలుగు వరకే ఉంటుంది. భూమిని కాపాడే పనిలో నా వంతుగా నాకు సెలవిచ్చారు. ఆ సెలవులో కూర్చుని ఇది రాస్తున్నాను.

నేను పని చేసే అపార్టుమెంటు అమీర్‌పేటలో, పంజాగుట్ట వైపు పోయే ఒక సందులో ఉంది. అయిదు అంతస్తులు, కింద సెల్లారు. సెల్లారులో మెట్ల కింద, మీటరు బోర్డు పక్కన నా బల్ల. ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉంది. సందుకు ఒక పక్క హాస్టళ్లు, ఇంకో పక్క కోచింగ్ సెంటర్లు. పొద్దున లేస్తే సందులో సగం మంది ఇంటర్వ్యూలకు పోతారు, మిగతా సగం మంది ఇంటర్వ్యూలకు ఎలా పోవాలో నేర్చుకోవడానికి పోతారు. ఎవరు ఎటు పోయినా అంగీకి మడత ఉండకూడదు. ఆరున్నరకు బట్టలు ఇచ్చి ఎనిమిదిన్నరకు కావాలంటారు. నా బతుకంతా ఆ రెండు గంటల్లోనే ఉండేది. మిగతా రోజంతా చీరలు, దుప్పట్లు, అపార్టుమెంటు వాళ్ల తీరిక బట్టలు.

అప్పుడు నాది బొగ్గుల పెట్టె. కర్ర పిడి, ఇత్తడి మూత, కడుపులో నిప్పులు. ఒకసారి రాజేస్తే గంటకు పైగా వేడి దాచుకుంటుంది. దాని పొగను కూడా నా ఛాతీలో చక్కగా దాచింది. చలికాలం వస్తే నేను దగ్గుతుంటే పై అంతస్తు వాళ్లు నేను వచ్చానని తెలుసుకునేవారు, కాలింగ్ బెల్లు అవసరం లేకుండా.

అక్షరాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అయిదో అంతస్తులో అపార్టుమెంటు ప్రెసిడెంటు ఉంటారు. ఆయన రిటైరైన ఇంజనీరు, కోస్తా వైపు మనిషి. ఆయన భార్య బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. నేను ఇస్త్రీ బట్టలను పాత పేపర్లో చుట్టి ఇస్తాను. ఒకరోజు ఆమె కట్ట అందుకుని, పేపరు వంక చూసి, "ఇందులో ఏం రాశారో తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదా నీకు?" అన్నారు.

"ఏముంటది మేడం. చీర అంచు మాసిపోకుంట ఉంటే సాలు," అన్నాను.

ఆమె మర్నాడు మధ్యాహ్నం పలకతో సెల్లారులోకి దిగారు. రెండు వానాకాలాలు అలా దిగుతూనే ఉన్నారు. ఇస్త్రీ బల్ల మీదే చదువు. ముందు పేపర్లో పెద్ద అక్షరాలు, తర్వాత చిన్నవి. ఈ వయసులో ఎవరైనా చూస్తే నవ్వుతారని నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. వాచ్‌మన్‌కు తెలుసు, కానీ అతను ఆ వేళ కుర్చీలో కూర్చుని నిద్రపోయేవాడు కాబట్టి తెలిసినా తెలియనట్టే.

చదువు వచ్చాక నేను చదివిన మొదటి పెద్ద బోర్డు మా గేటుకే పెట్టారు. ప్రెసిడెంటు గారు ఏడాది పాటు తిరిగి మేడ మీద సోలార్ పలకలు పెట్టించారు. బట్టలు ఆరేసుకునే తీగలు పీకేసి, మేడంతా నీలం అద్దాలు పరిచారు. కొబ్బరికాయ కొట్టారు, స్వీట్లు పంచారు. లిఫ్టుకు, నీళ్ల మోటారుకు, సెల్లారు లైట్లకు ఇక నుంచి సూర్యుడే దిక్కన్నారు. గేటుకు ఆకుపచ్చ బోర్డు కట్టారు. నేను వేలు పెట్టి చదివాను. సున్నా ఉద్గారాల భవనం.

ఉద్గారాలంటే ఏమిటని మేడంను అడిగాను. పొగ, పాడు గాలి, మనం బయటికి వదిలేవన్నీ అన్నారు. నేను సెల్లారంతా చూశాను. పన్నెండు కార్లు చల్లగా నిలబడి ఉన్నాయి. అవి పొగ వదిలేది రోడ్డు మీద కాబట్టి అది రోడ్డు ఉద్గారం. భవనం లోపల పొగ వదులుతున్నది ఒక్కటే ఉంది, నా పెట్టె. ఇంత పెద్ద భవనంలో సున్నాకు అడ్డం నేనొక్కదాన్నే అని తెలిశాక కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

వారం తిరక్కుండా ప్రెసిడెంటు గారు కరెంటు ఇస్త్రీ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఏమ్మా, ఇక ఆ బొగ్గులు మానెయ్యి. ఇది అసోసియేషన్ తరఫున కొన్నాం. ప్లగ్గు మన కామన్ మీటర్ మీదే."

"మంచిదే సార్. నా ఛాతీల సుత మసి పట్టిందని డాక్టరు చెప్పిండు," అన్నాను.

ఇది వెటకారానికి రాయడం లేదు. నాకు ఆ పెట్టె నిజంగా నచ్చింది. తేలిక. బూడిద ఎగరదు, తెల్ల చొక్కా మీద నిప్పురవ్వ పడుతుందన్న భయం లేదు. వారం రోజుల్లో దగ్గు సగం తగ్గింది. సూర్యుడు నా చేతికే దిగివచ్చాడని అనుకున్నాను.

సోమవారం పొద్దున ఏడింటికి ప్రెసిడెంటు గారు ఫోను పట్టుకుని సెల్లారులోకి పరుగున వచ్చారు. ఆ ఫోనులో ఒక బాణం ఉంటుంది. పలకలు పెట్టినప్పటి నుంచి ఆయన దాన్ని చూడకుండా కాఫీ కూడా తాగరు.

"చూడమ్మా, ఇది ఆకుపచ్చగా ఉంటే మనం కరెంటు బయటికి ఇస్తున్నట్టు. ఎర్రగా ఉంటే బయట నుంచి తెచ్చుకుంటున్నట్టు. నువ్వు పెట్టె పెట్టగానే ఎంత ఎర్రబడిందో చూడు."

"బయటి కరెంటు యాడికెళ్లి వస్తది సార్?"

"అదే కదా సమస్య. ఇంత పొద్దున్నే ఎండెక్కడుంటుంది? ఈ వేళకి ఎక్కువగా బొగ్గు కాల్చే కేంద్రాల నుంచే వస్తుంది."

"అంటే నా పెట్టెల బొగ్గు తీసి, వేరే ఊళ్లె పొయ్యిల ఏసినమా?"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. "అలా చెప్పకూడదమ్మా," అన్నారు.

"మరి పగటీలి ఎక్కువ అయిన కరెంటు దాచిపెట్టి పొద్దుగాల వాడుకోరాదా?"

"దానికి బ్యాటరీలు కావాలి. అవి మన వల్ల అయ్యే పని కాదు. కరెంటు అంటే బియ్యం కాదు, మూట కట్టి గోడౌన్‌లో పెట్టడానికి. ఎంత వాడితే అంతే పుట్టాలి, అదీ ఆ క్షణంలోనే. తగ్గినా లైను కూలుతుంది, ఎక్కువైనా కూలుతుంది. దేశం మొత్తానికి ఇదే తలనొప్పి. సూర్యుడు ఉన్నప్పుడు జనానికి అక్కర్లేదు. జనానికి కావాల్సినప్పుడు సూర్యుడు ఉండడు. అందుకని మన అలవాట్లు మనం మార్చుకోవాలి."

మన అంటే నేనని ఆయన తర్వాతి మాటలో తెలిసింది. ఆ రోజు నుంచి ఇస్త్రీ పది నుంచి నాలుగు వరకే.

దేశం మొత్తం తలనొప్పికి మందు నా బల్ల మీద దొరికింది. నీళ్ల మోటారు పొద్దున ఆరింటికి మోగుతూనే ఉంది. లిఫ్టు ఏడున్నరకు పదిసార్లు ఎక్కి దిగుతూనే ఉంది. వాటికి ఎవరూ చెప్పలేదు. చెబితే వినేది భవనం మొత్తానికి నేనొక్కదాన్నే కాబోలు.

సరే, సూర్యుడు కదలడు, కాబట్టి అంగీలను కదపాలి. ముందురోజే బట్టలు ఇవ్వండని హాస్టలు పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాను.

"ఆంటీ, ఇంటర్వ్యూ తొమ్మిదింటికి," అని ఒకమ్మాయి వచ్చేది.

"నిన్ననే ఇయ్యాలె బిడ్డ."

"నిన్న పగటీలి మెయిల్ రాలే ఆంటీ. పొద్దుగూకినంక వచ్చింది."

"మరి కంపెనీ వాళ్లకు చెప్పు, ఎండ చూసి పిలవమని."

వాళ్లు నవ్వి మెయిన్ రోడ్డు మీద గ్యాసు ఇస్త్రీ బండి దగ్గరికి పోయేవారు. రెండు నెలల్లో నా మూట సగమైంది. మధ్యాహ్నం పన్నెండింటికి మేడ మీద కరెంటు పొంగిపోయేది, నా ముందు బల్ల ఖాళీగా ఉండేది. బాణం మాత్రం పచ్చగా కళకళలాడేది. ప్రెసిడెంటు గారు దాన్ని చూపించి, "మనం ఎంత ఇస్తున్నామో చూడు," అనేవారు. నేను ఏమీ ఇవ్వడం లేదని, నా పనే పోతోందని ఆ బాణంలో కనిపించదు.

అప్పుడే రెండో అంతస్తు సాఫ్ట్‌వేర్ అబ్బాయి కరెంటు కారు కొన్నాడు. మంచివాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. ఒకరోజు టేపు తీసుకొచ్చి నా బల్ల వెనకాల గోడ కొలిచాడు.

"ఏంది బిడ్డ కొలుస్తున్నవు?"

"ఛార్జింగ్ పాయింట్ ఆంటీ. మీటర్ బోర్డు పక్కన ఇదొక్కటే ఖాళీ."

"ఖాళీ ఏడుంది? నేనున్న కద."

"అదే, ప్రెసిడెంట్ గారితో మాట్లాడుతున్నా," అన్నాడు మర్యాదగా, నన్ను దాటి కొలుస్తూనే.

ఆ సాయంత్రం నుంచి నాకు మెట్ల కింద చోటు గురించే ఆలోచన. అక్కడ వాన రాదు, ఎండ రాదు, ప్లగ్గు ఉంది. అది పోతే తేలిక పెట్టె పోతుంది, మళ్లీ బొగ్గులే గతి. ఈ ఛాతీతో బొగ్గుల దగ్గర ఇంకెన్నాళ్లు నిలబడగలనో నాకే తెలియదు.

ఇక మే నెలలో ఆ రోజు. ఒక హాస్టలమ్మాయి మాత్రం నా మాట విని ముందురోజు సాయంత్రమే కాటన్ డ్రెస్సు, చున్నీ ఇచ్చింది. రెండింటికి పంజాగుట్ట అవతల ఇంటర్వ్యూ. నేను వాటి మీద నీళ్లు చిలకరించి, చుట్టి పెట్టి, పన్నెండింటికి డ్రెస్సు విప్పి పెట్టె ఆనించాను. కరెంటు పోయింది.

బయట ఎండ మండిపోతోంది. కళ్లు తెరిస్తే మూతపడుతున్నాయి. లోపల ఫ్యాను లేదు, లైటు లేదు, లిఫ్టు లేదు. వాచ్‌మన్ లేచి మేడ వైపు, సెల్లారు వైపు మార్చి మార్చి చూశాడు.

"అక్కా, పైన సూర్యుడు మస్తు మండుతుండు. మరి మన కరెంటు ఏడవోయింది?"

"నన్నడుగుతవేంది తమ్మి. పైకి పోయి ఆయన్నే అడుగు."

ప్రెసిడెంటు గారు అయిదు అంతస్తులు మెట్లు దిగి చెమటతో వచ్చారు. ఆయన్నే అడిగాము.

"బయట లైను పోతే మన పలకలు కూడా వాటంతట అవే ఆగిపోతాయి. అలా పెడతారు."

"ఎండ ఉండంగ?"

"ఎండ ఉన్నా. లేకపోతే మన మేడ మీది కరెంటు బయటి తీగల్లోకి వెళ్తుంది. అక్కడ స్తంభం ఎక్కి పనిచేసేవాడికి షాక్ కొడుతుంది."

సందు మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన స్తంభం మీద నిజంగానే ఒక లైన్‌మన్ ఉన్నాడు. కింద అతని చెప్పులు విడిచి ఉన్నాయి. ఆ చెప్పులు చూశాక నాకు అది న్యాయమే అనిపించింది. ఈ కథ మొత్తంలో న్యాయమనిపించిన మాట అదొక్కటే.

కానీ ఆ అమ్మాయి ఒంటిగంటకు వచ్చి నిలబడింది. నా రూలు పాటించింది ఆ ఒక్క పిల్లే. ఆమె బట్టలే తడిసి, ముడతలు పడి బల్ల మీద ఉన్నాయి.

"ఆంటీ, ఎంతసేపు?"

లైన్‌మన్ ఇంకా స్తంభం మీదే ఉన్నాడు. నేను బల్ల కింద నుంచి పాత పెట్టె లాగాను. గోనెసంచిలో అడుగున ఇంకా బొగ్గులు ఉన్నాయి. లోపల ముట్టిస్తే బోర్డు మాట పోతుందని గేటు బయటికి తీసుకుపోయాను. ప్రహరీ పక్కన రెండు సిమెంటు ఇటుకల మీద చెక్క వేసి, దుప్పటి పరిచి, నిప్పులు రాజేశాను. పొగ లేచి తిన్నగా ఆకుపచ్చ బోర్డు ముందు నుంచి పైకి పోయింది. డ్రెస్సు అయింది, చున్నీ అయింది. ఆ పిల్ల హాస్టలుకు పరుగెత్తి, మార్చుకుని, మెట్రో వైపు పోయింది. నేను అరగంట దగ్గాను.

తలెత్తి చూస్తే గేటు లోపల ప్రెసిడెంటు గారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. పొగ వంక, గేటు వంక, తర్వాత గేటు గీతకు నా పాదాలు ఏ పక్కనున్నాయో చూశారు.

"ఇది బయటే కదా?"

"బయటనే సార్."

"గేటు అవతల."

"అవును సార్."

"ఊఁ," అన్నారు. చాలా రోజులుగా తెగని లెక్క తెగినప్పుడు మనిషి మొహం అలా వెలుగుతుంది కాబోలు.

ఆ లెక్క ఏమిటో ఆదివారం పదకొండింటికి తెలిసింది. అసోసియేషన్ మీటింగు సెల్లారులోనే, నా బల్ల ముందు కుర్చీలు వేసుకుని పెట్టారు. ఇరవై మంది దాకా వచ్చారు. మేడం వెనక వరసలో కూర్చున్నారు. ప్రెసిడెంటు గారు లేచి నిలబడ్డారు.

"ఆవిడ మనతో ఇరవై ఏళ్ల పైనుంచి ఉంది. ఆవిడకి నష్టం జరగకూడదు. అందుకని గేటు బయట, ప్రహరీకి ఆనించి చోటు ఇద్దాం. పైన రేకు వేయిద్దాం. పది, నాలుగు అన్న నియమం కూడా ఉండదు. తన పాత పెట్టెతో ఎప్పుడంటే అప్పుడు చేసుకోవచ్చు. ఇక్కడ ఛార్జింగ్ పాయింట్ వస్తుంది."

"బయట కస్టమర్లు సుత ఎక్కువ వస్తరు ఆంటీకి," అన్నాడు కారు అబ్బాయి.

"మరి బొగ్గు?" అని మొదటి అంతస్తు ఆయన ఒకరు అడిగారు. వాళ్ల వంటింటి కిటికీ సరిగ్గా ఆ ప్రహరీ మీదే ఉంటుంది.

"అది భవనం లెక్కలోకి రాదండి," అన్నారు ప్రెసిడెంటు గారు.

అందరికీ ఎంత తేలికైందో మొహాల్లో కనిపించింది. భవనాన్ని శుభ్రం చేయడం ఇంత సులువని తెలిస్తే పలకల ఖర్చు లేకుండా నన్నే ముందు గెంటేసేవారు.

ఆయన ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టారు. పక్కన సిరా డబ్బా కూడా పెట్టారు, వేలిముద్రకు. దూరాలోచన గల మనిషి. నేను డబ్బాను పక్కకు జరిపాను.

"జర ఆగండి సార్, అద్దాలు పెట్టుకుంట."

"అద్దాలు దేనికమ్మా?"

నేను చదవడం మొదలుపెట్టాను. పైకే చదివాను, ఎందుకంటే నాకు మనసులో చదవడం ఇప్పటికీ రాదు. వేలు పెట్టి, ఒక్కో అక్షరం మీద ఆగి. ఇరవై మందీ ఆగాల్సి వచ్చింది. నా వేలిముద్ర పడితే పోదామని నిలబడ్డవాళ్లు మళ్లీ కూర్చున్నారు.

"భవనంలో ఉద్గారాలను పూర్తిగా నివారించే సదుద్దేశంతో," అని చదివాను. "సెల్లారులోని స్థలమును స్వ, చ్ఛం, దముగా ఖాళీ చేసి." అక్కడ ఆగాను. "గిదేంది సార్?"

"స్వచ్ఛందంగా. అంటే నీ అంతట నువ్వే, ఇష్టపడి."

"నేనెప్పుడు ఇష్టపడ్డ?"

ఎవరో తమ నవ్వును దగ్గులోకి మార్చారు. నేను కిందికి వెళ్లాను. "బొగ్గు పెట్టెను ప్రాంగణము వెలుపల వాడుకొనుటకు అంగీకరించుచున్నాను." గబగబా కళ్లతో చూసి వదిలేస్తే ఆ వాక్యం చాలా మర్యాదగా ఉంటుంది. ఒక్కో ముక్కా విరిచి, పావుగంట చదివితే దాని మొహం బయటపడుతుంది. కొందరు నేల చూశారు. మొదటి అంతస్తు ఆయన తన కిటికీ చూశారు.

నేను కాగితం దించాను.

"సార్, నేను పెద్ద సదువు సదివినదాన్ని కాదు. గని ఒక్కటి అడుగుత. గోడకు గీ పక్క కాలితే పొగ అయితది, గా పక్క కాలితే కాదా?"

"అది కాదమ్మా, లెక్క ప్రకారం..."

"మీరే చెప్పిండ్రు, ఎండ ఉన్నప్పుడే కరెంటు వాడుకునేటట్టు అందరం మారాలె అని. మారింది ఎవరు సార్? నా ఇస్త్రీ పదికి మారింది. మోటారు మారలే. లిఫ్టు మారలే. రేపు పాయింటు పెడితే ఆ కారు సుత పొద్దుగూకినంకనే వచ్చి కరెంటు తాగుతది. మారినదాన్నేమో బయటికి పొమ్మంటున్నరు."

"ఆంటీ, మధ్యాహ్నం కారు ఆఫీసుల ఉంటది కదా," అన్నాడు కారు అబ్బాయి.

"అంగీ సుత పొద్దుగాల ఎనిమిదికే ఆఫీసుకు పోవాలె బిడ్డ. దాన్ని ఒకరోజు ముందుగాల దింపమన్నరు కద. నువ్వు ఆదివారం మధ్యానం ఇంట్లనే ఉంటవు కద, గప్పుడు పెట్టుకో. నేను ఆ పూట పెట్టె పట్ట. నాకు బొగ్గులు వద్దు సార్. గా పొగ మీ లెక్కల ఉండదు గని నా ఛాతీల ఉంటది."

అప్పుడు వెనక వరస నుంచి మేడం, ఏదో కూరగాయల సంగతి చెబుతున్నట్టు, "అసలు మోటారు పొద్దున ఆరింటికే ఎందుకు వేయాలి? పదకొండింటికి వేసి ట్యాంకు నింపుకుంటే మర్నాడు పొద్దున్నకి నీళ్లుంటాయి కదా," అన్నారు.

ఇంతమంది చదువుకున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మోటారు ఆరింటికి వేస్తున్నారు కాబట్టి ఆరింటికి వేస్తున్నారు. దానికి అంతకు మించి కారణం దొరకలేదు. పొద్దస్తమానం బాణాన్ని చూసిన ప్రెసిడెంటు గారికి కూడా మోటారు కనిపించలేదు. నేను కనిపించాను.

ఆయన భార్య వైపు తిరిగారు. "ఇంతకీ ఈవిడకి చదవడం ఎవరు నేర్పారు?"

"మధ్యాహ్నం మీరు నిద్రపోతే నేను గోడలు చూస్తూ కూర్చుంటాననుకున్నారా ఏంటి?" అన్నారు మేడం.

ఈసారి నవ్వును ఎవరూ దగ్గులోకి మార్చలేదు. ప్రెసిడెంటు గారు కూడా కొంచెం నవ్వారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు, చింపలేదు. ఇంజనీరు కాగితం చింపడు. మోటారు రేపటి నుంచి పదకొండింటికి అన్నారు. నా చోటు విషయం నెలాఖరు దాకా చూద్దామన్నారు.

"పది, నాలుగు మధ్యలో నీ పని జరిగితే ఈ చోటు నీదే. ఛార్జింగ్ పాయింట్‌కి ఇంకో గోడ చూస్తాం, వైరు ఎక్కువైనా సరే. జరగక నువ్వు మళ్లీ బొగ్గు తీశావనుకో, అప్పుడు ఈ కాగితం మీద సంతకం పెట్టాలి. సరేనా?"

"సరే సార్," అన్నాను.

అని ఇంటికి పోయాక భయం వేసింది. నా చోటు ఇప్పుడు సూర్యుడి మీద ఆధారపడి లేదు. సూర్యుడు నమ్మకమైనవాడు, పదికి వస్తాడు, నాలుగుకు పోతాడు. నా చోటు రేపు ఏ అంగీ వేసుకోవాలో మనుషులు ఇవాళే అనుకోవడం మీద ఆధారపడింది. పలకలు కొనగలిగినవాళ్లు, కార్లు కొనగలిగినవాళ్లు ఈ పని మాత్రం చేయలేరు. పోనీ, వాళ్లు దిగి వచ్చి ఇచ్చేదాకా నేను బల్ల దగ్గర కూర్చుంటే నెలాఖరుకు కూర్చోవడానికి బల్ల ఉండదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు పాత దుప్పటి ఒకటి భుజాన వేసుకుని మెట్లెక్కాను. లిఫ్టు ఎక్కలేదు, బాణం ఎర్రబడుతుందని కాదు, అది మూడో అంతస్తు వాళ్ల పాల ప్యాకెట్ల కోసం తిరుగుతోంది. పై నుంచి కిందికి ఒక్కో తలుపు తట్టి రేపటి బట్టలు ఇవాళే అడిగి తీసుకోవాలని నా ఆలోచన. అయిదో అంతస్తులో మొదటి తలుపు ప్రెసిడెంటు గారిదే.

మేడం తలుపు తీశారు. కట్ట కట్టి ఉంచారు. దుప్పటిలో వేశారు. వెనకాల నుంచి ప్రెసిడెంటు గారు తెల్ల చొక్కా ఒకటి పట్టుకుని వచ్చారు.

"అమ్మా, ఈ ఒక్కటి తొమ్మిదింటికి కావాలి. పంజాగుట్టలో మీటింగుంది. వేరే అపార్టుమెంట్ల వాళ్లకి మన పలకల గురించి చెప్పాలి."

"రేపు ఇస్త సార్."

"రేపెందుకమ్మా? మీటింగు ఇవాళ."

"ఎండ ఇంక రాలే సార్."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఎదుటి హాస్టలు గోడ మీద ఇంకా నీడే ఉంది. జేబులోంచి ఫోను తీసి చూశారు, నాకు చూపించలేదు. నేను దుప్పటి నోరు తెరిచి పట్టుకుని నిలబడ్డాను, వేస్తే తీసుకుందామని. ఆయన చొక్కాను రెండు చేతులతో దులిపి, ముడతలు పోలేదని చూసుకుని, అలాగే తొడుక్కుందామని భుజాన వేసుకుని లోపలికి వెళ్లారు.

నేను దుప్పటి నాలుగు కొసలూ కలిపి ముడివేసి, పక్క ఫ్లాటు బెల్లు నొక్కాను.